కంప్రెషన్ ఎంత, బూస్ట్ ఎంత

1988 ఫార్ములా వన్ సీజన్ మొదలయ్యేనాటికి టర్బో ఇంజన్లకు ఇక నూకలు చెల్లినట్టే అనిపించింది. 1987లో ఇంజన్‌లోకి గాలిని 4 బార్ల పీడనం దాకా నింపుకోనిచ్చారు. 1988లో ఆ హద్దును 2.5 బార్లకు దించేశారు. రేసు మొత్తానికి ఇచ్చే ఇంధనాన్ని 195 లీటర్ల నుంచి 150 లీటర్లకు కోసేశారు. టర్బో లేని 3.5 లీటర్ల ఇంజన్లకేమో ఇంధనం మీద పరిమితే లేదు. పైగా మరుసటి ఏడాది నుంచి టర్బోలు పూర్తిగా నిషేధం. చాలా జట్లు ముందే వాటిని వదిలేసి టర్బో లేని ఇంజన్లకు మారిపోయాయి. హోండా ఇంజనీర్లు వదల్లేదు. తమ 1.5 లీటర్ల వి6 ఇంజన్‌ను విప్పి, కంప్రెషన్ రేషియోను 7.4 నుంచి 9.4కు పెంచారు. 685 హార్స్‌పవర్ తీశారు. ఆ ఇంజన్‌తో మెక్‌లారెన్ కార్లు 16 రేసుల్లో 15 గెలిచాయి.

ఇందులో 7.4 తప్పు, 9.4 ఒప్పు అనుకోవడానికి లేదు. 4 బార్ల గాలి దొరికినప్పుడు 7.4 సరైన అంకె. గాలి తగ్గి, ఇంధనం రేషన్ అయ్యాక 9.4 సరైన అంకె. ఇంజన్ కట్టిన చేతులు అవే, మారినవి షరతులు.

సొంతంగా టర్బో ఇంజన్ కట్టించుకునేవాళ్ళు మొదట అడిగేది కంప్రెషన్ ఎంత పెట్టాలి, బూస్ట్ ఎంత పెట్టాలి అనే. వెంటనే ఒక అంకె చెప్పేసేవాళ్ళకు కొదవ లేదు. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బండిలో పోసే పెట్రోలు ఎంత వేడిని ఎంతసేపు తట్టుకుంటుంది? కంప్రెషన్, బూస్ట్ రెండూ ఆ ఓర్పులోంచే ఖర్చు పెడతాయి. ఒకటి ఎక్కువ వాడుకుంటే రెండోదానికి మిగిలేది తక్కువ.

నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేసరికి 300 సీసీల చోటు ఊడ్చుకొస్తుంది. పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని నెత్తికీ హెడ్‌కూ మధ్య 33.3 సీసీల ఖాళీ మిగిలితే, 333 సీసీల గాలి 33.3 సీసీల్లోకి కుదించుకుపోయినట్టు. అదే 10:1 కంప్రెషన్. ఖాళీ 37.5 సీసీలైతే 9:1. రెండింటికీ తేడా 4.2 సీసీలు, అంటే చెంచాడు కూడా కాదు.

ఆ కాస్త తేడా వల్ల ఒరిగేదేమిటి? కంప్రెషన్ ఎక్కువ కావడం వల్ల వచ్చే లాభం నొక్కడంలో లేదు, మండాక వాయువు వ్యాకోచించడంలో ఉంది. చిన్న చోటులో మండిన వాయువు పదింతలు విస్తరిస్తే, ఏడింతలు విస్తరించినప్పటికన్నా తనలోని వేడిని ఎక్కువ భాగం పనిగా మార్చి, చల్లబడి బయటికి పోతుంది. పుస్తకాల్లోని ఆదర్శ ఇంజన్ సూత్రం ప్రకారం సామర్థ్యం 7:1 దగ్గర 54 శాతం, 8:1 దగ్గర 56.5, 9:1 దగ్గర 58.5, 10:1 దగ్గర 60. నిజమైన ఇంజన్ ఈ అంకెల దరిదాపుల్లోకి రాదు గానీ, వరస మాత్రం ఇదే. మెట్టు ఎక్కుతున్నకొద్దీ లాభం తగ్గుతూ పోతుంది. 8 నుంచి 9కి పోతే ఆదర్శంగానే మూడున్నర శాతం లాభం. నిజ ఇంజన్లో ఇంకాస్త తక్కువ.

బూస్ట్ లెక్క దీనికి పూర్తిగా భిన్నం. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వాయువుల శక్తితో ఒక చక్రాన్ని తిప్పి, దాంతో గాలిని ఇంజన్‌లోకి నెట్టించాలన్న ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు ఒక బార్. దానికి టర్బో మరో బార్ బూస్ట్ కలిపితే సిలిండర్‌లోకి దాదాపు రెట్టింపు గాలి చేరుతుంది. గాలి రెట్టింపైతే పెట్రోలూ రెట్టింపు మండుతుంది. కేవలం 0.2 బార్ బూస్ట్ పెంచితే పది, పదిహేను శాతం పవర్ పెరగడం మామూలే. ఒక మెట్టు కంప్రెషన్ ఇచ్చేది మూడు శాతం. అలాంటప్పుడు కంప్రెషన్ బాగా తగ్గించేసి బూస్ట్ దండిగా పెట్టేస్తే సరిపోదా?

1970ల్లో అందరూ చేసింది అదే. 1973 నాటి బీఎండబ్ల్యూ 2002 టర్బోకు కంప్రెషన్ 6.9. 1975లో వచ్చిన పోర్షే 911 టర్బోకు 6.5, బూస్ట్ 0.8 బార్. సాబ్ 99 టర్బోకు 7.2. ఆ కార్లు గట్టిగా తొక్కినప్పుడు పరుగు తీసేవి. కానీ టర్బో తిరగడం మొదలయ్యేదాకా వాటికి పికప్ ఉండేది కాదు, ఎందుకంటే అప్పటిదాకా నడిచేది 6.5 కంప్రెషన్ ఉన్న నీరస ఇంజన్ మాత్రమే. ఆపైన బూస్ట్ ఒక్కసారిగా వచ్చి పడేది. మలుపు మధ్యలో అలా జరిగితే బీఎండబ్ల్యూ, పోర్షేల వెనక చక్రాలు జారేవి. ఊళ్ళో నడిపే కారు రోజులో ఎక్కువ భాగం బూస్ట్ లేకుండానే తిరుగుతుంది. సిగ్నళ్ళ దగ్గర, గేదెలు అడ్డొచ్చిన చోట, ట్రాఫిక్‌లో రెండో గేరులో పనిచేసేది కంప్రెషనే. బూస్ట్‌ను సాయంత్రం ఒక మర తిప్పి మార్చుకోవచ్చు. కంప్రెషన్ మార్చాలంటే హెడ్ దించాల్సిందే. అందుకే కంప్రెషన్‌ను రోజువారీ వాడకాన్ని బట్టి, బూస్ట్‌ను ఆ తర్వాత మిగిలిన ఓర్పును బట్టి పెట్టుకోవాలని నా గట్టి నమ్మకం.

ఆ ఓర్పు తీరినప్పుడు సిలిండర్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట అన్ని వైపులకూ పాకుతుంది. పాకుతూ తన వెనక వేడి వాయువును విస్తరింపజేసి, ఇంకా మండని మిశ్రమాన్ని గోడల వైపు నొక్కుతుంది. అప్పటికే పిస్టన్ నొక్కి వేడెక్కించిన మిశ్రమం మరింత వేడెక్కుతుంది. అంత వేడిలో పెట్రోలు అణువులు ఊరికే ఉండవు. వాటిలో మంటకు ముందు జరిగే రసాయన చర్యలు మొదలవుతాయి. మంట ఆ మూలకు చేరేలోపు ఆ చర్యలు ముగిస్తే, మూలనున్న మిశ్రమమంతా ఒక్కసారిగా తనంతట తానే అంటుకుంటుంది. ఆ దెబ్బకు పీడన తరంగాలు సిలిండర్‌లో అటూ ఇటూ కొట్టుకుంటాయి. సుమారు 85 మిల్లీమీటర్ల బోర్ ఉన్న సిలిండర్‌లో అవి సెకనుకు ఆరువేల అయిదువందల సార్లు కంపిస్తాయి. బయట మనకు వినిపించేది మేకులు గిలకరించినట్టుండే చప్పుడు. మెకానిక్ చెవికి చాలు, ‘నాకింగ్ వస్తోంది’ అంటాడు.

చప్పుడుతో పోతే బాధ లేదు. మండిన వాయువు వేడి రెండువేల డిగ్రీల పైమాటే. పిస్టన్ అల్యూమినియంతో చేసింది, శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మామూలుగా పిస్టన్ బతికి బట్టకట్టేది దాని ఒంటిని అంటిపెట్టుకుని ఉండే పలుచని చల్లని వాయు పొర వల్ల. నాకింగ్ తరంగాలు ఆ పొరను చెరిపేస్తాయి. ముందు పిస్టన్ అంచున ఇసుక రుద్దినట్టు గరుకుదనం కనిపిస్తుంది, తర్వాత రింగుల మధ్య గట్టు విరుగుతుంది, చివరికి పిస్టన్‌కు చిల్లు పడుతుంది. బూస్ట్ ఉన్న ఇంజన్‌లో సిలిండర్‌లో ఉన్న సరుకే ఎక్కువ కాబట్టి ఇదంతా నిమిషాల్లో అయిపోవచ్చు.

ఇది వేడికీ కాలానికీ మధ్య జరిగే పోటీ. 1,500 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ 40 డిగ్రీలు తిరగడానికి నాలుగు మిల్లీసెకన్ల పైన పడుతుంది. 6,000 దగ్గర అదే పని మిల్లీసెకను చిల్లరలో అయిపోతుంది. అందుకే ఎక్కువ గేరులో, తక్కువ స్పీడులో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు నాకింగ్ ఎక్కువ.

పెట్రోలు ఓర్పును కొలవచ్చని పద్ధతిగా చూపిన తొలివాళ్ళలో ఇంగ్లండ్ ఇంజనీరు హ్యారీ రికార్డో ఒకడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఇంజన్ నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగలిగే ఒక ప్రయోగ ఇంజన్ కట్టి, రకరకాల ఇంధనాలు పోసి, ఏది ఏ కంప్రెషన్ దగ్గర నాకింగ్ మొదలుపెడుతుందో వరసగా రాశాడు. ఆయన పరీక్షల్లో గట్టిగా నిలబడ్డ ఇంధనం టోల్యూన్. 1988 హోండా ఇంజన్‌లో పోసిన ఇంధనంలో 84 శాతం టోల్యూనే. టోల్యూన్ త్వరగా ఆవిరి కాదు కాబట్టి హోండావాళ్ళు ఇంధనాన్ని ముందే వేడిచేసి పంపేవారు. రికార్డో తర్వాత కొద్ది ఏళ్ళకు ఆక్టేన్ సంఖ్య వచ్చింది. నార్మల్ హెప్టేన్‌కు సున్నా, ఐసో ఆక్టేన్‌కు వంద. నేటికీ పెట్రోలు బంకులో రాసే అంకెను కంప్రెషన్ మార్చగలిగే ఒంటి సిలిండర్ ఇంజన్ మీదే, 600 ఆర్‌పీఎం దగ్గర కొలుస్తారు.

ఇప్పుడు వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో లెక్క చూద్దాం. గాలిని నొక్కితే వేడెక్కుతుందని సైకిల్ పంపు పట్టుకున్నవాళ్ళందరికీ తెలుసు. టర్బో చేసేదీ ఆ పనే. మే నెలలో 42 డిగ్రీల ఎండ ఉందనుకుందాం. టర్బోలోని కంప్రెసర్ సామర్థ్యం 72 శాతం అనుకుందాం. గాలి పీడనాన్ని రెట్టింపు చేసేసరికి అది దాదాపు 138 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలుచన. అందువల్ల పీడనం రెట్టింపైనా, లోపలికి వెళ్ళే గాలి బరువు ఒకటిన్నర రెట్లే అవుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి, పెరిగిన వేడిలో ముప్పాతిక వంతు తీసేస్తే గాలి 66 డిగ్రీలకు దిగుతుంది. బరువు 1.86 రెట్లవుతుంది. బూస్ట్ అదే, గేజ్ మీద ముల్లు అక్కడే ఉంటుంది, కానీ గాలి ఎక్కువ, వేడి తక్కువ. పోర్షే 1978లో 911 టర్బోకు ఇంటర్‌కూలర్ తగిలించినప్పుడే కంప్రెషన్‌ను 6.5 నుంచి 7కు పెంచగలిగింది. ఖర్చు పెట్టాల్సి వస్తే పెద్ద టర్బో మీద కాకుండా మొదట మంచి ఇంటర్‌కూలర్ మీద పెట్టమంటాను.

వర్క్‌షాపుల్లో బాగా చలామణిలో ఉన్న ఒక సూత్రం గురించి ఇక్కడ చెప్పాలి. కంప్రెషన్‌ను పీడన నిష్పత్తితో గుణిస్తే ‘అసలు కంప్రెషన్’ వస్తుందంటారు. 8.5 కంప్రెషన్‌కు ఒక బార్ బూస్ట్ పెడితే 17:1తో సమానమట. కొంచెం లెక్క వేస్తే ఇది నిలవదు. 42 డిగ్రీల గాలిని నిజంగానే 17:1 దాకా నొక్కితే వేడి సుమారు 530 డిగ్రీలు, పీడనం 43 బార్లు. ఇంటర్‌కూలర్ లోంచి 66 డిగ్రీల దగ్గర వచ్చిన రెండు బార్ల గాలిని 8.5:1కు నొక్కితే వేడి 415 లోపు, పీడనం 34 బార్లు. వంద డిగ్రీలకు పైగా తేడా. నాకింగ్ చర్యలు వేడికి ఎంత సున్నితమో తెలిసినవాళ్ళెవరూ ఆ రెంటినీ ఒకటనరు. ఆ సూత్రాన్ని నమ్మితే మంచి ఇంటర్‌కూలర్ ఉన్న ఇంజన్ విషయంలో అనవసరంగా భయపడతాం, ఇంటర్‌కూలర్ లేని ఇంజన్‌ను అనవసరంగా నమ్ముతాం.

కంప్రెషన్ తగ్గించకుండానే టర్బో పెట్టిన సాహసం 1962లోనే జరిగింది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు. అల్యూమినియం వి8 ఇంజన్, కంప్రెషన్ 10.25, దాని మీద సుమారు మూడోవంతు బార్ బూస్ట్. నాకింగ్‌ను అణచడానికి నీళ్ళు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని గాలిలోకి చిమ్మేవారు. ఆ నీరు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. శాస్త్రంలో తప్పు లేదు, యుద్ధ విమానాల్లో చేసిందే. చిక్కల్లా ఆ ద్రవం సీసాను యజమాని నింపుతూ ఉండాలి. చాలామంది నింపలేదు. సీసా ఖాళీ అయితే బూస్ట్ రాకుండా ఇంజన్ తనే గాలి కవాటాన్ని మూసేసుకునేది, బండి నీరసించేది. రెండేళ్ళలో ఆ మోడల్ ఆగిపోయింది. ఇంజన్ ఓర్పు యజమాని జ్ఞాపకశక్తి మీద ఆధారపడకూడదని నాకు అర్థమైంది ఆ కారు చరిత్ర చదివాకే. ఇవాళ్టి నీళ్ళ ఇంజెక్షన్ కిట్లు కొనేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

స్వీడన్‌లో సాబ్ కంపెనీ ఇంజనీరు పెర్ గిల్‌బ్రాండ్ బృందం ఎంచుకున్న దారి వేరు. ఇంజన్ దిమ్మకు ఒక చిన్న సెన్సర్ బిగించి, నాకింగ్ కంపనాలను అది ‘వినేలా’ చేశారు. నాకింగ్ వినపడగానే ఎలక్ట్రానిక్ పెట్టె బూస్ట్‌ను తగ్గిస్తుంది, మానగానే మళ్ళీ పెంచుతుంది. 1982 మోడల్ సాబ్ 900 టర్బోలో ఇది వచ్చింది. దాంతో కంప్రెషన్‌ను 7.2 నుంచి 8.5కు పెంచారు. అంతకుముందు చెత్త పెట్రోలు పోసే యజమానిని, మండుటెండను, పాతబడ్డ ఇంజన్‌ను అన్నింటినీ ముందే ఊహించుకుని భయంగా కంప్రెషన్ తగ్గించి పెట్టేవారు. ఇప్పుడు ఆ భయం అవసరం వచ్చిన క్షణానికే పరిమితమైంది. టర్బో ఇంజన్ల చరిత్రలో నేను అన్నింటికన్నా గౌరవించేది ఈ అడుగునే.

ఆ తర్వాత పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి వచ్చింది. పెట్రోలు సిలిండర్ లోపలే ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది కాబట్టి సుమారు ఒక మెట్టు కంప్రెషన్ ఎక్కువ పెట్టుకునే వీలు దొరికింది. మన దేశంలో 2017లో వచ్చిన మారుతి బలేనో ఆర్ఎస్‌లోని ఒక లీటరు టర్బో ఇంజన్ అలాంటిదే, కంప్రెషన్ 10. నిస్సాన్ అయితే పిస్టన్ ఎత్తునే నడుస్తుండగా మార్చే లింకులు పెట్టి, 8 నుంచి 14 దాకా కదిలే కంప్రెషన్‌ను 2018లో రోడ్డెక్కించింది. రికార్డో ప్రయోగశాలలో చేసింది వందేళ్ళకు షోరూమ్‌కు వచ్చినట్టు.

నేరుగా చిమ్మే టర్బో ఇంజన్లకు ఒక కొత్త జబ్బు కూడా పట్టుకుంది. రెండువేల ఆర్‌పీఎం లోపు బాగా తొక్కినప్పుడు, పిస్టన్ సందుల్లోంచి ఎగిరిన ఆయిల్, పెట్రోలు చుక్క స్పార్క్ కన్నా ముందే అంటుకుంటుంది. దాని దెబ్బ మామూలు నాకింగ్ కన్నా ఎన్నో రెట్లు తీవ్రం. స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిపినా లాభం లేదు, ఎందుకంటే స్పార్క్‌తో దానికి పనే లేదు. ఆయిల్‌లో కాల్షియం ఎక్కువైతే ఇది పెరుగుతుందని తేలాక, 2018లో ఎస్ఎన్ ప్లస్ అనే ఆయిల్ ప్రమాణం వచ్చింది. అందుకే ఇలాంటి ఇంజన్‌లో ఏ ఆయిల్ పోస్తున్నామన్నదీ బూస్ట్ లెక్కలోకే వస్తుంది.

మన బంకుల్లో ఏం దొరుకుతుంది? బీఎస్6 వచ్చాక మామూలు పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకు 95. ఇథనాల్ సొంత ఆక్టేన్ 108 దరిదాపుల్లో ఉంటుంది, ఆవిరవుతూ పెట్రోలు కన్నా రెట్టింపు పైగా వేడిని లాగుతుంది. మైలేజీ తగ్గుతుందని ఈ20 మీద జనం అసంతృప్తి న్యాయమే, లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. కానీ టర్బో ఇంజన్ కట్టేవాడికి అదొక కానుక. దాని ఓర్పును వాడుకునేలా కంప్రెషన్ పెట్టుకుంటే పోయిన మైలేజీలో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇక మన 1.2 లీటర్ల ఇంజన్‌కు వద్దాం. పెట్రోలు మానిఫోల్డ్‌లో చిమ్మే పాత పద్ధతి, 10:1 కంప్రెషన్, 85 హార్స్‌పవర్. రోజూ ఆఫీసుకు నడిపే బండి. దీనికి నేనైతే 9:1 పెడతాను. 8కి దించితే ఊళ్ళో నడపడం నరకం, 10 దగ్గర ఉంచితే ఎండాకాలంలో బూస్ట్‌కు చోటు మిగలదు. తేలిక దారి హెడ్ గ్యాస్కెట్ మందం పెంచడం. 72 మిల్లీమీటర్ల బోర్‌కు ఒక మిల్లీమీటరు అదనపు మందం నాలుగు సీసీలకు పైగా ఇస్తుంది, సరిగ్గా కావలసినంత. ఈ పని మాత్రం చేయొద్దు. పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య ఉండే సన్నని సందు, పిస్టన్ పైకొచ్చేటప్పుడు అక్కడి మిశ్రమాన్ని మధ్యకు చిమ్మి సుడులు తిప్పుతుంది. మంట త్వరగా పాకేది ఆ సుడుల వల్లే. సందు వెడల్పయితే సుడులు చచ్చిపోతాయి, మంట నెమ్మదిస్తుంది, మూలనున్న మిశ్రమానికి అంటుకోవడానికి టైమ్ దొరుకుతుంది. కంప్రెషన్ తగ్గించి నాకింగ్ కొనితెచ్చుకున్నట్టవుతుంది. నడినెత్తిన లోతుగా ఉండే పిస్టన్లు వేయించుకోవాలి, అంచు దగ్గరి సందు ముట్టుకోకూడదు. బిగించేముందు పిస్టన్ పైకి తెచ్చి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలకను గ్రీజుతో అంటించి, బ్యూరెట్‌తో కిరోసిన్ వదిలి ఒక్కో సిలిండర్ ఖాళీని కొలుచుకోవాలి. క్యాటలాగులో రాసిన అంకెను నమ్మి హెడ్ మూసేయకూడదు. నాలుగు సిలిండర్లలో ఒక్కదానికి కంప్రెషన్ ఎక్కువున్నా మొదట పోయేది అదే.

బూస్ట్‌కు 0.5 బార్ దగ్గర హద్దు వేసే వేస్ట్‌గేట్ స్ప్రింగ్‌తో మొదలుపెట్టి, 0.05 చొప్పున పెంచుకుంటూ వెళ్ళాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తు కాబట్టి బయటి గాలి పీడనమే 0.95 బార్ ఉంటుంది. గేజ్ మీద అంతే బూస్ట్ ఉన్నా విశాఖలో ఇంజన్‌కు అందే గాలి కాస్త ఎక్కువ. ఆ తేడాను లెక్కలో పెట్టుకోవాలి. డైనో మీద జనవరి ఉదయం చేసిన ట్యూనింగ్ మే మధ్యాహ్నానికి పనికిరాదు. నాక్ సెన్సర్ చూపేదాన్నీ, ఎగ్జాస్ట్ వేడినీ ఎండలోనే, బండి బాగా వేడెక్కాక చూడాలి. 0.7 దగ్గర సిలిండర్‌లోకి 1.6 రెట్ల గాలి వెళ్తుంది, కంప్రెషన్ తగ్గింపు వంటి నష్టాలు పోను 125 హార్స్‌పవర్ అటూ ఇటూ రావాలి. 0.8కి పెంచితే నాకింగ్ ఆపడానికి టైమింగ్‌ను నాలుగు డిగ్రీలు వెనక్కి జరపాల్సి వస్తోందనుకోండి. అప్పుడు ఆలస్యంగా మండిన వాయువు పిస్టన్‌ను నెట్టడం మాని ఎగ్జాస్ట్ వాల్వును, టర్బోను వేడెక్కిస్తుంది. పెంచిన బూస్ట్‌లో చాలా భాగం అక్కడే పోతుంది. 0.7కే దిగి టైమింగ్ ముందుకు తెచ్చుకుంటే దాదాపు అంతే పవర్ తక్కువ వేడితో దొరుకుతుంది. ఆ ఇంజన్‌కు, ఆ పెట్రోలుకు, ఆ ఎండకు బూస్ట్ 0.7.